డబ్ల్యూడీఎం-2 బాడీ కింద అమెరికా ఛాసీ: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

మన పాత డీజిల్ రైలింజను డబ్ల్యూడీఎం-2కి హెచ్‌ఓ మోడల్ (అసలు బండిలో 87వ వంతు సైజు) చేస్తున్నాను. బాడీ పని దాదాపు అయిపోయింది. పొడుగు హుడ్, పొట్టి హుడ్ (క్యాబ్‌కి అటూ ఇటూ ఉండే తొడుగులు), రెంటి మధ్య క్యాబ్, రేడియేటర్ జాలీలు, హ్యాండ్‌రైళ్ళ కోసం చిల్లులు, అన్నీ స్టైరీన్ (ప్లాస్టిక్) షీటు కోసి అతికించి ఎమెరీ పేపరు రుద్ది చేసినవే. అతికించడానికి వన్‌టౌన్‌లో యాక్రిలిక్ నేమ్‌బోర్డులు చేసేవాళ్ళు వాడే క్లోరోఫాం చుక్కలే వాడాను (కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి). పెయింట్ మిగిలింది. కానీ బల్ల మీద పెట్టి చూసుకోవడానికి కాదుగా ఇదంతా, పట్టాల మీద నడవాలి. ఈసారి రాసేదంతా కింది భాగం గురించే, అంటే మోటారూ చక్రాలూ ఉండే ఛాసీ.

ఛాసీ కూడా సొంతంగా కట్టొచ్చు కదా అంటారు కొందరు. కట్టొచ్చు. ఇత్తడి ఫ్రేము కోసుకుని, వార్మ్ గేర్లు తెప్పించుకుని, చక్రాల నుంచి కరెంటు తీసుకునే రేకులు ఒక్కొక్కటీ వంచుకుంటూ కూర్చుంటే అవుతుంది. అయ్యాక అది కుదుపు లేకుండా, నడిచే మనిషి వేగంలో పాకుతుందా అంటే చెప్పలేం. మంచి కంపెనీ హెచ్‌ఓ ఇంజన్లలో మోటారు మధ్యలో ఉంటుంది, అటూ ఇటూ రెండు ఫ్లైవీళ్ళు, వాటి నుంచి బోగీల (పెట్టెలు కాదు, ఇంజను కింద ఇరుసులుండే చట్రాలు) మీదికి షాఫ్టులు, అక్కడ వార్మ్ గేరు, ఆరు ఇరుసులూ లాగుతాయి, ఆరిటి నుంచీ కరెంటు వస్తుంది. ఈ పొందిక ఇంట్లో కూర్చుని సాధించాలంటే బాడీకి పట్టినదానికి రెట్టింపు పని. అందుకే డోనర్, అంటే ఛాసీ కోసం తెచ్చుకునే కంపెనీ మోడల్ ఇంజను. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: కదిలే భాగాల జోలికి పోను. కోయాల్సి వస్తే బాడీని కోస్తాను, తప్పకపోతే ఛాసీలో కదలని లోహాన్ని కోస్తాను, షాఫ్టు మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా కుదించను.

ఏ డోనర్ అన్నది పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. డబ్ల్యూడీఎం-2 పుట్టిల్లే అమెరికా, అక్కడి రైలింజన్ల కంపెనీ ఆల్కో వాళ్ళ డీఎల్560సీ మోడల్. మొదటివి 1962లో అక్కడి నుంచి దిగుమతి అయ్యాయి, 1964 నుంచి వారణాసి డీఎల్‌డబ్ల్యూలో (రైల్వే డీజిల్ ఇంజన్ల కర్మాగారం) మనమే చేసుకోవడం మొదలైంది. 16 సిలిండర్ల 251 ఇంజను, 2600 హార్స్‌పవర్. గుంటూరు నుంచి గుంటకల్లు వైపు, ఇటు గుడివాడ మీదుగా బందరు వైపు కరెంటు తీగలు రాకముందు మనం చూసింది ఈ ఆల్కోల కుటుంబాన్నే కదా. దీని కిందుండే మూడిరుసుల బోగీ పేరు ట్రైమౌంట్. మూడు ఇరుసుల మధ్య ఎడం సమానంగా ఉండదు, ట్రాక్షన్ మోటార్లు ఇరకడం కోసం మధ్య ఇరుసు ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఇంజనుని పక్క నుంచి చూస్తే రెండు బోగీలూ ఒకదానికొకటి అద్దంలో చూసినట్టు ఎదురుబొదురుగా ఉంటాయి. సమాన ఎడం ఉన్న బోగీ తగిలించేసి "ఏముందిలే, ఎవరు చూస్తారు" అనుకోవచ్చు గానీ, తెలిసినవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది. నా కన్ను మరీనూ.

అమెరికాలో ఆల్కో వాళ్ళ ఆర్‌ఎస్‌డీ-4, 5, 12, 15 రకాలన్నిటికీ ట్రైమౌంట్ బోగీలే. వాటి హెచ్‌ఓ మోడళ్ళు పాతవి సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. ఒకటి బావ పెట్టెలో వచ్చింది.

"బావా, చాక్లెట్లూ సెంట్లూ ఏమీ వద్దు, ఆ ఇంజనొక్కటి పట్రా చాలు" అన్నాను.

తెచ్చి ఇస్తూ, "ఇంత చిన్న డబ్బాకి ఇంత బరువేంట్రా, ఎయిర్‌పోర్టులో తెరిపించి మరీ చూశారు" అన్నాడు. బరువు ఉండాల్సిందే బావా, బరువు లేనిది బండి లాగదు.

శనివారం రాత్రి, కొలతలు

అద్దం పలక మీద పట్టా ముక్క, దాని మీద డోనర్, చేతిలో డిజిటల్ వెర్నియర్. అసలు బండి కొలతలు, 87తో భాగిస్తే వచ్చేవి, డోనర్ మీద నిజంగా ఉన్నవి, మూడు వరసలు రాసుకున్నాను.

బఫర్ (బండి చివర దెబ్బ కాసుకునే గుండ్రటి దిమ్మ) నుంచి బఫర్‌కి అసలు పొడవు 17,120 మి.మీ., అంటే మోడల్లో 196.8. ఇది బాడీ చూసుకుంటుంది, ఛాసీకి సంబంధం లేదు. ఛాసీ చూసుకోవాల్సింది మొదటి ఇరుసు నుంచి చివరి ఇరుసు దాకా ఉన్న దూరం: అసలు 12,834, మోడల్లో 147.5 రావాలి, డోనర్‌లో 149.5 ఉంది. రెండు మిల్లీమీటర్లు ఎక్కువ, చెరో వైపు ఒక మిల్లీమీటరు. ఇక్కడే చాలామందికి చెయ్యి దురద పెడుతుంది, ఫ్రేము మధ్యలో కోసి రెండు మిల్లీమీటర్లు తీసేసి మళ్ళీ అతుకుదామని. నేను కోయను. ఆ కోతతో షాఫ్టు పొట్టిదవ్వాలి, రెండు సగాలూ మళ్ళీ ఒకే గీతలో రావాలి, రాకపోతే జీవితాంతం గరగరలాడుతుంది. ఒక మిల్లీమీటరు తేడా ఫ్యూయల్ ట్యాంకుకీ బోగీకీ మధ్య సందులో కలిసిపోతుంది.

చక్రాలు: డబ్ల్యూడీఎం-2వి కొత్తగా ఉన్నప్పుడు 1092 మి.మీ., మోడల్లో 12.5. అమెరికా ఆల్కోలవి 40 అంగుళాలు, అంటే మోడల్లో 11.7. దాదాపు 0.8 తేడా. అసలు బండికి కూడా చక్రాలు అరిగి, లేత్ మీద మళ్ళీ మళ్ళీ తిరిగి చిన్నవవుతాయి కాబట్టి నాది బాగా పనిచేసిన బండి అనుకుంటాను. చక్రాలు మార్చడం నా నియమానికి కూడా విరుద్ధం.

గేజు గురించి అడగకముందే చెప్పేస్తా. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ., 87తో భాగిస్తే 19.3 రావాలి, హెచ్‌ఓ పట్టా 16.5. ముందు నుంచి చూస్తే బండి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడినట్టే కనిపిస్తుంది. 1:101 స్కేలు పెట్టుకుంటే 16.5 సరిగ్గా సరిపోతుంది గానీ అప్పుడు పెట్టెలు, సిగ్నళ్ళు, మనుషులు ఏదీ కొనుక్కోలేం. పక్క నుంచి చూసుకుందాం, అంతే.

అసలు చిక్కు ఎత్తు. డబ్ల్యూడీఎం-2 పైకప్పు పట్టా నుంచి 4185 మి.మీ., మోడల్లో 48.1. అమెరికా బళ్ళు మనవాటికంటే ఎత్తు. ఛాసీ తయారుచేసినవాడు హుడ్ లోపల ఖాళీ ఉంది కదా అని పైదాకా లోహపు దిమ్మ పోసేశాడు. నా బాడీ తెచ్చి దాని మీద పెడితే పైకప్పు 50.3 దగ్గర ఆగింది. దిమ్మ నడినెత్తి నా పైకప్పుని లోపలి నుంచి మోస్తోంది. మోడల్లో ఈ 2.2 మిల్లీమీటర్లంటే అసలు బండికి దాదాపు 190 మి.మీ., జానెడు ఎత్తు. అది దాచలేం.

ఆదివారం, విప్పకముందు నడిపి చూడటం

ఏదైనా కోసే ముందు డోనర్‌ని ఉన్నదున్నట్టు నడిపి కరెంటు ఎంత తాగుతోందో రాసుకోవాలి. లేకపోతే రేపు బాడీ తొడిగాక బిగుసుకుంటే లోపం పాతదో మనం తెచ్చిపెట్టిందో తెలియదు. 12 వోల్టుల డీసీ మీద, సిరీస్‌లో మల్టీమీటరు పెడితే 0.3 ఆంపియర్ల చుట్టూ ఆడింది, బోగీల నుంచి సన్నటి గీ మనే చప్పుడు. విప్పితే గేర్‌బాక్సుల్లో గ్రీజు మైనమై కూర్చుంది. మొబైల్ రిపేరువాళ్ళు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ప్రింటర్లకి వాడే సిలికాన్ గ్రీజు కొంచెం, ఇత్తడి బుష్షులకి సూదిమొనతో నూనె. కొంచెం అంటే నిజంగా కొంచెమే, ఎక్కువ పూస్తే చక్రాల మీదికి పాకి పట్టాల మీద జారుతుంది. మళ్ళీ నడిపితే కరెంటు 0.18కి దిగింది, చప్పుడు కూడా సగమైంది.

బోగీలు విప్పేటప్పుడు ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాను. ట్రైమౌంట్ బోగీ తిప్పి బిగిస్తే మధ్య ఇరుసు తప్పు వైపు పోతుంది, బండి నడుస్తుంది కూడా, అదే ప్రమాదం, ఎవరూ ఆపరు.

సోమవారం సాయంత్రం, ఆటోనగర్

దిమ్మ పైన 2.5 మి.మీ. చెక్కాలి. రెండు చివర్లా అమెరికా కప్లర్ (బళ్ళని ఒకదానికొకటి తగిలించే కొక్కెం) కోసం ముందుకి పొడుచుకొచ్చిన నాలుకలు ఉన్నాయి, వాటితో ఫ్రేము 186 ఉంది, నా బాడీ లోపల 179, కాబట్టి చెరో నాలుగు కోసేయాలి. ఇంట్లో ఆకురాయితో కూర్చుంటే ఈ జింకు మిశ్రమం ఆకురాయి పళ్ళల్లో ఇరుక్కుపోయి పని సాగదు. మోటారు, ఫ్లైవీళ్ళు, బోగీలు, లైటు బోర్డు అన్నీ ఇంట్లోనే వదిలేసి, వట్టి ఫ్రేము రెండు సగాలు మాత్రం గుడ్డలో చుట్టుకుని ఆటోనగర్ పోయాను. లారీ ఇంజను హెడ్డులు చెక్కే మిల్లింగ్ షాపులో ఒక పెద్దాయన ఉంటారు, ఇంతకుముందు ఇత్తడి బఫర్లు కూడా ఆయన దగ్గరే తిప్పించాను.

చేతిలో తిప్పి చూసి, "ఇది జింకు పోత అబ్బాయ్. వైస్‌లో గట్టిగా బిగిస్తే పగుల్తుంది" అన్నారు.

"చెక్క ముక్కలు పెట్టి పట్టుకోండి బాబాయ్, తొందరేం లేదు. గీత గీశాను, గీత కింద మాత్రం దిగొద్దు."

"నాకు చెప్తున్నావా?" అని నవ్వి, సన్నటి కోతలతో, ఒక్కోసారి అర మిల్లీమీటరు కూడా మించకుండా దించుకుంటూ వచ్చారు. చివరి నాలుకలు హ్యాక్సా బ్లేడుతోనే కోసి ఇచ్చారు. పని జరుగుతుండగా బాడీ ఫొటో చూపించాను.

"మా పక్క షెడ్డుల్లో చాసీ వచ్చాక కొలుచుకుని బాడీ కడతారు. నువ్వు బాడీ కట్టేసి చాసీ వెతుకుతున్నావ్."

"బాడీ ఫొటోలు చూసి కట్టొచ్చు బాబాయ్. చాసీ ఎప్పుడు దొరుకుతుందో దొరికినప్పుడే కదా."

దానికి ఆయన ఒప్పుకోలేదు. నేనూ వాదించలేదు. నిజానికి వచ్చే బండికి (వ్యామ్-4 అనే కరెంటు ఇంజను అనుకుంటున్నాను, దానికీ ట్రైమౌంట్ బోగీలే) ఆయన చెప్పిన వరసలోనే వెళ్తాను, ఎందుకంటే ఈసారి డోనర్ ఏదో ముందే తెలుసు.

ఇంటికొచ్చాక అసలైన పని శుభ్రం చేయడం. ఈ ఛాసీ ఫ్రేము రెండు సగాలుగా ఉండి, ఒక సగం ఎడమ పట్టా కరెంటు, ఇంకో సగం కుడి పట్టా కరెంటు మోస్తుంది, మధ్యలో ప్లాస్టిక్ ముక్కలు వాటిని విడదీస్తాయి. సందులో ఒక్క జింకు రజను ఇరుక్కుంటే షార్ట్. అయస్కాంతానికి అంటుకోదు కాబట్టి అలా ఏరలేం. సబ్బు నీళ్ళు, పాత టూత్‌బ్రష్షు, తర్వాత అమ్మ హెయిర్ డ్రయ్యరు. రెండు సగాలూ బిగించి, మోటారు పెట్టకముందే మల్టీమీటరుతో బీప్ వస్తుందేమో చూసుకోవాలి. రాలేదు.

ఎత్తు, బిగింపు

డోనర్ పాత బాడీ కొక్కేలతో పట్టుకునేది. నా బాడీకి ఆ పద్ధతి పనికిరాదు, స్టైరీన్ షీటు అంత వంగదు. బాడీ లోపల రెండు చివర్లా 2 మి.మీ. షీటుతో అడ్డపట్టీలు వేసి, వాటిలో ఎం2 నట్లు ఎపాక్సీతో పాతాను. ఫ్రేము చివర్లలో 2.2 చిల్లు వేసి కింద నుంచి స్క్రూ. ముందు వైపు రెండు స్క్రూలు, వెనక వైపు మధ్యలో ఒక్కటే. మూడు చోట్ల పట్టుకుంటే బాడీ మెలిక తిరగదు. నాలుగు మూలలా బిగిస్తే ఫ్రేములో ఉన్న వంపంతా బాడీ మీదికి ఎక్కి, హుడ్ అతుకులు విడిపోతాయి.

ఎత్తు సరిచేయడానికి అడ్డపట్టీకీ ఫ్రేముకీ మధ్య పెట్టే బిళ్ళలు పాత ఏటీఎం కార్డు కోసినవి. కార్డు మందం ఎక్కడైనా 0.76 మి.మీ., ఇంత కచ్చితమైన ప్లాస్టిక్ ఉచితంగా ఇంకెక్కడ దొరుకుతుంది? ముందు ఒక బిళ్ళ, వెనక ఒక బిళ్ళ మీద రెండు పొరలు జిరాక్స్ కాగితం. పైకప్పు 48.4 దగ్గర నిలబడింది. 48.1 కోసం ఇంకా దించొచ్చు గానీ అప్పుడు ఫుట్‌ప్లేటు (హుడ్ పక్కన నడిచే పలక) అడుగు బోగీల మీద ఆనుతుంది. పట్టా ఎగుడుదిగుడు ఉన్నచోట బోగీ అటూ ఇటూ ఊగాలి, దానికి కనీసం ఒక మిల్లీమీటరు కావాలి. 0.3 వదిలేశాను.

తర్వాత మలుపు. నా లూపు 22 అంగుళాల రేడియస్, అంటే 559 మి.మీ. బోగీల మధ్య దూరం 106 వేసుకుంటే మలుపులో ఒక్కో బోగీ అయిదు డిగ్రీల పైన తిరుగుతుంది, బోగీ చివర రెండున్నర మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. ఆ రెండున్నరలోనే నేను ముచ్చటపడి అతికించిన మూల మెట్లు ఉన్నాయి. ఎక్కడ రాసుకుంటోందో కంటికి కనిపించదు, అందుకని కుంకుమలో చుక్క నూనె కలిపి బోగీ అంచులకి పూసి, మలుపులో చేత్తో తోశాను. తగిలిన చోట బాడీ లోపల ఎర్రగా అంటుకుంది. అమ్మ అటుగా వచ్చి చూసి, "దసరా ఇంకా చాలా దూరం ఉంది, ఇప్పుడే ఆయుధపూజ ఏంట్రా" అంది. మెట్ల వెనక వైపు అర మిల్లీమీటరు పలచన చేశాను, ఒక మూల పైపు కొంచెం బయటికి వంచాను. బయట నుంచి చూస్తే తేడా లేదు.

కప్లర్

ఇక్కడ మాత్రం నాకే పూర్తిగా నచ్చని రాజీ ఒకటి చేశాను. మన బ్రాడ్‌గేజిలో బఫర్ మధ్య ఎత్తు గరిష్ఠంగా 1105 మి.మీ., బఫర్ల మధ్యలో ఉండే సీబీసీ కప్లర్ కూడా ఆ వరసలోనే ఉంటుంది. మోడల్లో 12.7. అమెరికా హెచ్‌ఓ ప్రమాణం ప్రకారం కప్లర్ మధ్య ఎత్తు అంగుళంలో 25/64వ వంతు, అంటే 9.9 మి.మీ. నా దగ్గరున్న వ్యాగన్లన్నీ ఆ ఎత్తులోనే ఉన్నాయి. బండి అందంగా ఉండి ఏదీ లాగకపోతే ఏం లాభం? బఫర్లు 12.7లోనే పెట్టాను, పనిచేసే కప్లర్ మాత్రం హెడ్‌స్టాక్ (బఫర్లుండే అడ్డదూలం) కింద, క్యాటిల్ గార్డ్ వెనక, 9.9 ఎత్తులో వేశాను. కప్లర్ పెట్టె ఫ్రేముకి కాకుండా బాడీకే స్క్రూ చేశాను, ఎందుకంటే ఫ్రేము నాలుకలు ఆటోనగర్లోనే పోయాయిగా. అయితే లాగుడు బరువంతా ఇప్పుడు స్టైరీన్ మీద పడుతుంది, దానికోసం హెడ్‌స్టాక్ వెనక ఇత్తడి రేకు ఒకటి అడ్డంగా ఎపాక్సీ చేసి, మొదటి స్క్రూ దానికే పట్టించాను.

ఫ్యూయల్ ట్యాంకు గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు, ఫ్రేములోనే పోసి ఉన్న అమెరికా ట్యాంకు మీద అర మిల్లీమీటరు షీటుతో తొడుగు వేశాను. బోగీ పక్క రేకులు డోనర్‌వే ఉంచేశాను, బ్రేకు సిలిండర్లు తర్వాత అతికిస్తా.

వైర్లు, బరువు

పాత లైటు బోర్డు తీసేశాను కాబట్టి డీసీసీ డీకోడర్‌కి (పట్టాల మీదుగా వచ్చే డిజిటల్ సంకేతాలతో మోటారునీ లైట్లనీ నడిపే చిన్న బోర్డు) నేరుగా వైర్లు టంకం వేశాను. ఎర్రది కుడి పట్టా, నల్లది ఎడమ పట్టా, నారింజ, బూడిద రంగులు మోటారుకి, నీలం కామన్, తెల్లది ముందు లైటుకి, పసుపు వెనక లైటుకి. ఇక్కడ మర్చిపోకూడనిది ఒకటే. పాత పద్ధతిలో మోటారు బ్రష్ రేకు నేరుగా ఫ్రేముని తాకుతూ కరెంటు తీసుకునేది, ఆ తాకిడి తెంచేయాలి, రేకు వంచి కింద క్యాప్టన్ టేపు (కరెంటు పారనివ్వని టేపు) వేయాలి. అది వదిలేసి పవర్ ఇస్తే డీకోడర్ అక్కడికక్కడే కాలిపోతుంది. ఎల్ఈడీలకి వెయ్యి ఓముల రెసిస్టర్లు. సౌండు డీకోడర్ మీద మనసుంది, అమెరికా ఆల్కోల కోసం రికార్డు చేసిన 251 శబ్దాలు ఎలాగూ ఉన్నాయి, 16 సిలిండర్లది చూసుకుని తీసుకుంటే మన గుంటూరు ప్లాట్‌ఫాం మీద విన్న ఆ దడదడ వచ్చేస్తుంది, కానీ ధర చూశాక వచ్చే ఏడాదికి వాయిదా వేశాను.

చెక్కేసిన లోహం బరువు మళ్ళీ పెట్టాలి. ఆటోనగర్ టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కి వాడే అంటించే బిళ్ళలు ఇచ్చారు, డబ్బులు కూడా తీసుకోలేదు. హుడ్ లోపల పక్కలకి, రెండు బోగీలకీ సమానంగా పడేట్టు అంటించాను. వేలి మీద నిలబెట్టి చూస్తే ఫ్యూయల్ ట్యాంకు మధ్యలో తూగింది.

మరుసటి ఆదివారం, బాడీతో సహా పట్టాల మీద

తిన్నగా ఉన్న పట్టా మీద 0.2 ఆంపియర్లు, మలుపులో 0.22. బాడీ తొడిగినందువల్ల ఏదీ బిగుసుకోలేదన్నమాట, అంకె పెద్దగా పెరగలేదు. డీకోడర్‌లో మొదటి స్పీడు స్టెప్పు మీద చీమ నడకలో కదిలింది, ఆగలేదు. వెనక ఎనిమిది బాక్స్ వ్యాగన్లు తగిలిస్తే సమంగా ఉన్న పట్టా మీద సునాయాసంగా లాగింది, బెడ్‌రూమ్ వైపు ఎక్కే ఎత్తు మీద మాత్రం చక్రాలు కాస్త జారాయి. అక్కడ బరువు ఇంకొంచెం వేయాలో, ఎత్తే తగ్గించాలో చూడాలి. ఐసీఎఫ్ ప్రయాణికుల పెట్టెలు ఇంకా తగిలించలేదు, ఒక్కోటి 245 మి.మీ. పొడవు, 22 అంగుళాల మలుపులో వాటి మూలలు ఇంజను బఫర్లకి తగులుతాయని అనుమానం, ముందు ఒక్క పెట్టెతో తోసి చూడాలి.

మిగిలినవి: బోగీలకి శాండ్ పైపులు, బ్రేకు సిలిండర్లు, హ్యాండ్‌రైళ్ళు, క్యాబ్ అద్దాలు, ప్రైమర్. ప్రైమర్ ఇప్పుడు కాదు, ఈ ఉక్కలో స్ప్రే కొడితే డబ్బాలోంచి వచ్చి బాడీ మీద పడేలోపే గాల్లో ఎండి, గరుకుగా పడుతుంది. తెల్లవారుజామున మేడ మీద కొట్టి చూడమన్నాడు ఒక ఫ్రెండు. వాడు సైకిళ్ళకి కొడతాడు, ముందు ఒక షీటు ముక్క మీద చూసి చెబుతాను.